నిప్పురవ్వ చరిత్రలో ఆడవాళ్ళ చేతులు

అమెరికా మోటారు చరిత్రలో పేరులేని స్త్రీ ఒకామె ఉంది. డెట్రాయిట్‌లో బెల్ ఐల్ దీవికి వెళ్ళే వంతెన మీద ఆమె కారు ఆగిపోతుంది. ఆ రోజుల్లో కారు ముందు భాగంలో ఇనుప హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పితేగాని ఇంజను మొదలయ్యేది కాదు. ఆమె ఆ పని చెయ్యలేక నిలబడి ఉంటుంది. అటుగా వస్తున్న బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు మర్యాదకొద్దీ దిగి హ్యాండిల్ తిప్పుతాడు. అది ఎదురు తిరిగి అతని దవడ విరగ్గొడుతుంది. ఆ గాయం ముదిరి అతను చనిపోతాడు. అతని మిత్రుడు, కాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లేలాండ్, ఇక తన కారు మరో మనిషి ప్రాణం తియ్యకూడదని పట్టుబట్టి చార్ల్స్ కెటరింగ్ అనే ఇంజనీరు చేత ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ తయారు చేయిస్తాడు. 1912 మోడల్ కాడిలాక్‌కి అది అమరుతుంది. ఆడవాళ్ళకు కారు అందుబాటులోకి వస్తుంది. కథ కంచికి.

ఈ కథ మోటారు పుస్తకాల్లో పదే పదే కనిపిస్తుంది. చాలామంది దీన్ని 1910 చలికాలానికి ముడిపెడతారు. కార్టర్ చనిపోయింది 1908 ఏప్రిల్‌లో. వివరాలు ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ పొసగవు. అయినా కథ చెక్కుచెదరకుండా నిలిచిందంటే అది ఎవరికో అవసరమై ఉండాలి. నేను సాహిత్య విద్యార్థిని. ఒక పాత్రకి పేరు లేకపోతే ఆ పాత్ర కథలో ఏం పని చేస్తోందని చూడటం మాకు అలవాటు. ఈ స్త్రీ ఇక్కడ చేసే పని ఒక్కటే, చేతకాకపోవడం. ఆమెకు చేతకాకపోతేనే ఒక మగవాడు త్యాగం చెయ్యగలడు, ఇంకొకడు కనిపెట్టగలడు, ఒక కంపెనీ ఆడజాతిని ఉద్ధరించగలదు.

కథలో ఒక చిన్న వివరం మాత్రం నన్ను వదల్లేదు. హ్యాండిల్ ఎదురు తిరిగింది 'స్పార్క్' వెనక్కి జరపకపోవడం వల్ల అంటారు. అదేమిటో అర్థం చేసుకోవాలని కూర్చుంటే, ఇన్నాళ్ళూ బలం గురించిన కథగా చెలామణి అవుతున్నది నిజానికి తెలివిడి గురించిన కథ అని తేలింది. అందుకే ముందు ఆ యంత్రం సంగతి చెప్పుకోవాలి.

ఇగ్నిషన్ అంటే సిలిండర్లోకి వచ్చిన పెట్రోలు ఆవిరినీ గాలినీ సరైన క్షణంలో అంటించడం. అంటించేది స్పార్క్ ప్లగ్గు. దాని కొసన రెండు లోహపు ముక్కల మధ్య మిల్లీమీటరు కంటే తక్కువ ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని దాటి రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. బ్యాటరీ ఇచ్చేది ఆరో, పన్నెండో. ఈ తేడాని పూడ్చేది కాయిల్. ఒకే ఇనుప కడ్డీ మీద లావుపాటి తీగ కొన్ని వందల చుట్లు, వెంట్రుకంత సన్నటి తీగ కొన్ని వేల చుట్లు చుట్టి ఉంటాయి. లావు తీగలో కరెంటు పారుతున్నంతసేపూ దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం నిలిచి ఉంటుంది. రవ్వ అప్పుడు రాదు. మన మెకానిక్కులు 'పాయింట్లు' అనే రెండు చిన్న బిళ్ళలు విడిపోయి కరెంటు ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు వస్తుంది. ఆ క్షేత్రం కూలిపోతూ సన్న తీగలో వేల వోల్టులు పుట్టిస్తుంది. పాయింట్ల దగ్గరే రవ్వలు లేచి అవి మాడిపోకుండా పక్కనున్న కండెన్సర్ కాపాడుతుంది. పుట్టిన కరెంటుని ఏ సిలిండర్ వంతు వస్తే దానికి అందించేది డిస్ట్రిబ్యూటర్. నాలుగు సిలిండర్ల కారు ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే సెకనుకి 100 రవ్వలు పడాలి. ఈ అమరికను 1910 నాటికి కాడిలాక్ కార్ల కోసం స్థిరపరిచింది కూడా ఆ కెటరింగే. ఎలక్ట్రానిక్ పద్ధతులు వచ్చేవరకూ, అంటే 1970ల దాకా, ప్రపంచంలో చాలా కార్లు దీనితోనే నడిచాయి.

ఇక 'సరైన క్షణం' సంగతి. రవ్వ పడగానే లోపలిదంతా ఒక్కసారిగా మండిపోదు, కాస్త వ్యవధి పడుతుంది. అందుకని పిస్టన్ పైకొసకి చేరకముందే రవ్వ వెయ్యాలి. ఇంజను వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందు వెయ్యాలి. చేత్తో తిప్పి మొదలుపెట్టేటప్పుడు వేగం చాలా తక్కువ కాబట్టి ఆలస్యంగా వెయ్యాలి. అలా కాక ముందే పడిందంటే, ఇంకా పైకి వస్తున్న పిస్టన్‌ని మంట వెనక్కి తోసేస్తుంది. హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది. మణికట్టులు విరిగింది అప్పుడే. తర్వాతి కార్లలో ఈ సర్దుబాటు దానంతట అదే జరిగేది గాని, మొదటి రోజుల్లో అది నడిపేవాళ్ళ బాధ్యత. ఫోర్డ్ మోడల్ టీలో స్టీరింగ్ కింద కుడివైపున పెట్రోలు లివర్, ఎడమవైపున స్పార్క్ లివర్ ఉండేవి. హ్యాండిల్ పట్టుకునే ముందు స్పార్క్‌ని వెనక్కి జరపాలి. బొటనవేలిని మిగతా వేళ్ళ పక్కకే చేర్చి పట్టుకోవాలి. కిందికి నొక్కకుండా పైకి లాగాలి. తెలిసినవాళ్ళు అలాగే చేసేవాళ్ళు.

పెద్ద ఇంజన్లు తిప్పడానికి బలం కావాలి, కాదనను. కానీ ఎముకలు విరిగింది బలం లేక కాదు. కార్టర్‌కి బలం లేదని ఎవరూ అనలేదు. రవ్వ ఎప్పుడు పడుతుందో తెలియడం ముఖ్యం. ఇంకో మాట. ఆ కాలపు సంపన్న పురుషులు చాలామంది హ్యాండిల్ జోలికే పోలేదు, జీతానికి పెట్టుకున్న షోఫర్లు తిప్పేవాళ్ళు. దాన్నిబట్టి మగవాళ్ళు కార్లకు పనికిరారని ఎవరూ తీర్మానించలేదు.

సెల్ఫ్ స్టార్టర్ రాకముందు ఈ విషయం తెలిసిన స్త్రీలు లేరా? ఉన్నారు. చరిత్ర వాళ్ళని మర్చిపోలేదు కూడా. గుర్తుంచుకున్న తీరులోనే మెలిక ఉంది.

బెర్తా బెంజ్ కథ చాలామందికి తెలిసిందే. 1888 ఆగస్టులో ఆమె భర్త కార్ల్ బెంజ్‌కి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, అతను తయారుచేసిన మూడు చక్రాల బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని తన పుట్టింటికి వెళ్ళింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. అంత దూరం అంతకుముందు ఎవరూ మోటారు బండిలో వెళ్ళలేదు. దారిలో వీస్లోక్ ఊళ్ళో మందుల దుకాణంలో ఇంధనం కొంది. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇగ్నిషన్ తీగ పై తొడుగు అరిగిపోతే మేజోడు కట్టే గార్టర్ పట్టీని దానికి చుట్టింది. టోపీ పిన్నూ, గార్టరూ అన్న రెండు వస్తువుల మీదే కథంతా నిలబడింది. వినడానికి ముచ్చటగా ఉంటుంది. సమయస్ఫూర్తి గల ఇల్లాలు చేతికందిన ఆడ వస్తువులతో గండం గట్టెక్కింది!

కానీ ఆ గార్టర్ చుట్టడానికి ముందు ఏం జరిగి ఉంటుంది? బండి ఆగింది. ఎందుకాగింది? ఇంధనం రాకా, గాలి అందకా, రవ్వ పడకా? రవ్వ పడకపోతే తప్పు బ్యాటరీదా, కాయిల్‌దా, ప్లగ్గుదా, తీగదా? తొడుగు పోయిన తీగ బండి ఇనుముకి తగిలితే కరెంటు ప్లగ్గు దాకా వెళ్ళదు, దగ్గరి దారి చూసుకుంటుంది. ఇంత ఆలోచించి, వెతికి, ఇదీ కారణమని తేల్చుకున్న తర్వాతే గార్టర్ పని. కథ గార్టర్‌ని దాచుకుని ఆ ఆలోచనని పారేసింది. ఇగ్నిషన్‌ని తన పరిశోధనలోకెల్లా కఠినమైన చిక్కుగా చెప్పుకున్నవాడు కార్ల్ బెంజ్. ఆ చిక్కుని నడిరోడ్డు మీద విప్పిన మనిషి మాత్రం 'సమయస్ఫూర్తి' దగ్గర ఆగిపోయింది. పెళ్ళికి ముందే ఆమె పుట్టింటివారిచ్చిన డబ్బు తెచ్చి అతని వర్క్‌షాపుని నిలబెట్టింది. 1886 నాటి పేటెంటు మీద పేరు అతనొక్కడిదే.

డొరొతీ లెవిట్ దగ్గరికి నేను వేరే దారిలో వచ్చాను. ఆడవాళ్ళకు హితవు చెప్పే పుస్తకాలు నాకు ఆసక్తి. ఎలా కూర్చోవాలో, ఎలా మాట్లాడాలో, ఇల్లెలా దిద్దుకోవాలో చెప్పే ఆ సంప్రదాయం అన్ని భాషల్లోనూ ఉంది. మనకు వీరేశలింగం గారి 'సతీహితబోధిని' పత్రిక పేరులోనే ఉంది. 1909లో లండన్లో వచ్చిన లెవిట్ పుస్తకం 'ది వుమన్ అండ్ ది కార్' పైకి ఆ కోవలోదే. ఏ బట్టలు వేసుకోవాలి, సీటు కింది సొరుగులో ఏమేం పెట్టుకోవాలి అన్న ముచ్చట్లున్నాయి. చేతి గుడ్డలు, పౌడరు, తలపిన్నులు, చాక్లెట్లు, ఒక చేతి అద్దం. ఆ అద్దం ముఖం చూసుకోవడానికే కాదట, అప్పుడప్పుడూ పైకెత్తి వెనక వచ్చే బండ్లని చూసుకోవాలట! కార్లకు వెనక చూపే అద్దాలు ఇంకా మామూలు కాని కాలం అది.

అదే పుస్తకంలో కారు యంత్రం ఎలా పనిచేస్తుందో, దారిలో వచ్చే ఇబ్బందుల్ని ఎలా కనిపెట్టి సరిచేసుకోవాలో కూడా ఉంది. ప్లగ్గుకి మసి పడితే కరెంటు ఆ మసి మీదుగా జారిపోతుంది, రవ్వ దూకదు అన్నది ఆ కాలపు డ్రైవరుకి తెలియాల్సిన మొదటి పాఠం. లెవిట్ ఈ పాఠాన్ని పౌడరు, చాక్లెట్ల పక్కనే కూర్చోబెట్టింది. నేపియర్ కార్ల కంపెనీలో సెక్రటరీగా చేరి, పారిస్ వెళ్ళి కార్ల పని నేర్చుకుని, 1906లో బ్లాక్‌పూల్ పందెంలో గంటకు 90 మైళ్ళు దాటిన మనిషి ఆమె. హితబోధ పుస్తకం రూపాన్ని తీసుకుని అందులో నిప్పు పెట్టే విద్య దాచిందని నాకనిపించింది. ఆమె 1922లో, నలభై ఏళ్ళకే, పెద్దగా ఎవరికీ గుర్తులేని స్థితిలో చనిపోయింది.

లెవిట్ పుస్తకం వచ్చిన ఏడాదే, న్యూజెర్సీకి చెందిన 22 ఏళ్ళ ఆలిస్ రామ్సే రెండేళ్ళ పిల్లవాడిని ఇంట్లో వదిలి, ముగ్గురు స్త్రీలను ఎక్కించుకుని న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి బయల్దేరింది. నలుగురిలో డ్రైవింగ్ వచ్చింది ఆమె ఒక్కదానికే. 59 రోజులు, 3800 మైళ్ళు. చాలా భాగం రోడ్డే లేని దారి. ఆమె 11 టైర్లు మార్చింది, ప్లగ్గులు విప్పి శుభ్రం చేసింది, విరిగిన బ్రేకు పెడల్ బాగుచేసుకుంది. ప్రతి ఉదయం హ్యాండిల్ తిప్పే కారు మొదలుపెట్టింది. ఈ ప్రయాణానికి డబ్బు పెట్టింది మాక్స్‌వెల్ కార్ల కంపెనీ. దాని లెక్క వేరు. ఆడమనిషి కూడా ఖండం దాటించగలిగిందంటే మా కారు ఎంత మంచిదో చూసుకోండి అని చెప్పుకోవచ్చు. అంటే స్త్రీ నేర్పు కాస్తా కారు గుణంగా మారిపోయింది. ఓడితే ఆమె చేతకానితనం, గెలిస్తే యంత్రం గొప్పతనం! మన ఇళ్ళలో కూర రుచి కుక్కరు చలవ, అడుగంటితే కోడలి తప్పు కావడం లాంటిదే ఇది.

ఇదే కాలంలో మార్కెట్లో ఇంకో విభజన జరిగింది. బ్యాటరీతో నడిచే కార్లకి ఇగ్నిషన్ అక్కర్లేదు, హ్యాండిల్ అక్కర్లేదు, పొగా చప్పుడూ ఉండవు. వాటిని 'ఆడవాళ్ళ కార్లు' అని అమ్మారు. పెట్రోలు కార్ల చక్రవర్తి హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారు. ఒక్కసారి ఛార్జి చేస్తే అది ఊళ్ళో తిరిగి రావడానికి సరిపోతుంది, ఊరు దాటడానికి చాలదు. ఆడవాళ్ళకి అంత దూరం చాలని ఎవరు నిర్ణయించారు? 1912 తర్వాత సెల్ఫ్ స్టార్టర్‌ని కూడా ఆడవాళ్ళ కోసమే వచ్చిన సౌకర్యంగా ప్రచారం చేశారు. చరిత్రకారిణి వర్జీనియా షార్ఫ్ 1991లో రాసిన 'టేకింగ్ ది వీల్'లో దీన్ని చక్కగా పట్టుకుంది. మీట నొక్కితే ఇంజను మొదలవడం మగవాళ్ళకూ కావాలి. కానీ సుఖం కోరుకోవడం మగతనానికి తక్కువ. అందుకని ఆ కోరికని ఆడవాళ్ళ ఖాతాలో రాశారు. 1919 నుంచి ఫోర్డ్ మోడల్ టీకి కూడా ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక మగవాళ్ళెవరూ దాన్ని వద్దనుకోలేదు.

ఇంతవరకూ చెప్పింది కారు కొనుక్కోగలిగిన తెల్లజాతి స్త్రీల గురించి. రవ్వకీ స్త్రీలకీ ఉన్న సంబంధం అక్కడితో ఆగితే సగం చరిత్రే అవుతుంది.

బ్యాటరీ లేకుండా రవ్వ పుట్టించే యంత్రం మాగ్నెటో. ఇంజను తిరుగుతుంటే దానితోపాటు తిరుగుతూ, అయస్కాంతాల సాయంతో తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజనీరు గోట్లోబ్ హోనోల్డ్ 1902లో తెచ్చిన హై వోల్టేజి మాగ్నెటో ప్రపంచమంతా పాకింది. బ్రిటన్ దాదాపు పూర్తిగా దాని మీదే ఆధారపడింది. 1914లో యుద్ధం వచ్చేసరికి ఆ మాగ్నెటోలు శత్రుదేశపు సరుకైపోయాయి. అవి లేకుండా విమానం ఎగరదు, లారీ కదలదు. బ్రిటిష్ ఫ్యాక్టరీలు హడావుడిగా తయారీ మొదలుపెట్టాయి. ఆ ఫ్యాక్టరీల్లో బల్లల ముందు కూర్చుని వెంట్రుకంత తీగని తెగకుండా, చిక్కుపడకుండా వేల చుట్లు చుట్టినవాళ్ళలో ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళ వేళ్ళు సన్ననివీ చురుకైనవీ కాబట్టి ఆ పని ఆడవాళ్ళకే నప్పుతుందన్నారు.

ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. హ్యాండిల్ దగ్గర ఆడవాళ్ళ చెయ్యి పనికిరాదు, బలహీనం. కాయిల్ దగ్గర ఆ చెయ్యే అద్భుతం, సహజ నైపుణ్యం. యంత్రాన్ని సొంతం చేసుకుని ఎక్కడికైనా వెళ్ళగలిగే చోట చెయ్యి చాలదు. యంత్రాన్ని ఇతరుల కోసం తయారుచేసే చోట మాత్రం అది తిరుగులేనిది. 1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ ఎలక్ట్రానిక్స్, బట్టల ఫ్యాక్టరీల గురించి రాస్తూ ఈ 'చురుకైన వేళ్ళ' గుట్టు విప్పారు. ఆ వేళ్ళు పుట్టుకతో వచ్చినవి కావు, చిన్నప్పటినుంచి ఇంట్లో కుట్టుపనితో సాధన చేసినవి. ఇంట్లో నేర్పిన శిక్షణ శిక్షణగా లెక్కకి రాదు కాబట్టి ఆ పని 'నైపుణ్యం లేని పని' అవుతుంది, కూలి తగ్గుతుంది. పొగడ్తే ఇక్కడ కూలి కోత.

యుద్ధం ముగిశాక 1919లో బ్రిటన్ పార్లమెంటు యుద్ధానికి ముందున్న పద్ధతులనే తిరిగి పాటించాలని చట్టం చేసింది. యుద్ధకాలంలో నేర్చిన పనుల నుంచి వేలమంది స్త్రీలు బయటికి వచ్చేశారు. ఆ ఏడాదే అక్కడ విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీ పుట్టింది. ఆ సంఘానికి తర్వాత అధ్యక్షురాలైన ఏమీ జాన్సన్ 1929లో విమానాల గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు సంపాదించింది. బ్రిటన్‌లో ఒక స్త్రీకి ఆ లైసెన్సు రావడం అదే మొదలు. 1930 మేలో ఒంటరిగా ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా దాకా ఎగురుతూ కరాచీ, ఝాన్సీ, కలకత్తాల్లో దిగింది. పత్రికలకు మాత్రం ఆమె టైపిస్టు పిల్ల. ఇంజను విప్పి బిగించగల లైసెన్సు కంటే టైపు మిషనే శీర్షికలకి బాగా నప్పింది.

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకోవడానికి లేదు. 1980ల మధ్యలో మీట నొక్కితే స్టార్టయ్యే కైనెటిక్ హోండా మన రోడ్ల మీదికి వచ్చింది. ఆ తర్వాత తేలికపాటి స్కూటీలు వచ్చాయి. ఆ బళ్ళ మీద కాలేజీకి, ఆఫీసుకి, బడికి వెళ్ళిన ఆడవాళ్ళ తరంలో నేనూ ఉన్నాను. అవి ఇచ్చిన స్వేచ్ఛని నేను తక్కువ చెయ్యను. బస్సు కోసం కాచుకోకుండా, ఎవరో దింపాలని అడక్కుండా, ఎవరి అనుమతీ లేకుండా సాయంత్రం ఆరు తర్వాత సభకి వెళ్ళి రావడమంటే ఏమిటో మన చదువరులకి చెప్పక్కర్లేదు. కానీ 'లేడీస్ బండి' అనే మాట కూడా వాటితోపాటే పుట్టింది. బటన్ స్టార్ట్ ఆడది, కిక్కు కొట్టడం మగతనం. ఇప్పుడు మోటారు సైకిళ్ళన్నిటికీ దాదాపుగా బటనే. ఆ మాట ఇప్పుడెవరూ అనరు. మగవాళ్ళ చేతిలోకి వెళ్ళగానే సౌకర్యానికి లింగం మాయమవుతుంది.

బండి మారినా మెకానిక్ షెడ్డులో సంభాషణ మారలేదు. ఒకసారి నా బండి ఆగి ఆగి నడుస్తుంటే తీసుకెళ్ళి, ప్లగ్గులో కరెంటు వస్తోందా చూడమన్నాను. అతను ప్లగ్గు విప్పకుండానే, "సార్‌ని పంపించండి మేడమ్, చెప్తాను" అన్నాడు. ఆ 'సార్' ఎవరో నాకూ తెలియదు, అతనికీ తెలియదు. బండి నాది, దాని అప్పు నా జీతంలోంచి పోయింది, దానికొచ్చిన జబ్బు గురించి మాత్రం లేని ఒక మగవాడితో మాట్లాడాలి. బెల్ ఐల్ వంతెన మీది పేరులేని స్త్రీకి ఎదురుగా ఇక్కడ పేరులేని సార్ ఉన్నాడు. ఆమె ఉన్నా లేనట్టే, అతను లేకున్నా ఉన్నట్టే.

ఇవాళ కొత్త కార్లలో పాయింట్లు లేవు, డిస్ట్రిబ్యూటర్ లేదు. ప్రతి ప్లగ్గు నెత్తిన ఒక కాయిల్, రవ్వ ఎప్పుడు పడాలో చెప్పే ఒక చిన్న కంప్యూటరు. ఒకప్పుడు ఆడవాళ్ళ బొమ్మగా పక్కన పెట్టిన ఎలక్ట్రిక్ కారే ఇప్పుడు భవిష్యత్తు అంటున్నారు. అందులో రవ్వే ఉండదు. స్టీరింగ్ దగ్గరి లివర్ ఎప్పుడో పోయింది. దానితోపాటు ఆడవాళ్ళు ఆ లివర్‌ని తెలిసి వాడారన్న సంగతి కూడా పోకూడదు. సెల్ఫ్ స్టార్టర్ స్త్రీలని విముక్తం చేసిందని రాసిన ప్రతి చోటా మనం అడగాల్సింది మామూలు ప్రశ్నలే. దానికి ముందు ఎవరు తిప్పారు? రవ్వ ఎందుకు పడలేదో ఎవరు కనుక్కున్నారు? కాయిల్ ఎవరు చుట్టారు, రోజుకి కూలి ఎంత?

ఒక పరికరం మన జీవితాన్ని సులువు చేస్తే సంతోషమే. అది రాకముందు మనకేమీ చేతకాలేదని మాత్రం ఒప్పుకోనక్కర్లేదు.